సరస్సు తరఫున ఊపిరి పీల్చేవాడు

మల్లంపాటి దివాకర్‌కి దేశంలోని ప్రతి సరస్సు మీదా ప్రేమే. ఒక్కదానిలోనూ కాలు తడుపుకోలేదు, అంతే.

ఆయన జీవవైవిధ్య విధానాల పరిశీలన మండలికి కార్యదర్శి. ఢిల్లీలో ఆయన గదిలో ఒక గోడ మొత్తం తెర. ఆ తెర మీద దేశపటం, పటం నిండా దీపాలు. సరస్సుల వాడకం మీద విధానం ఒకటి, అడవి తేనె మీద ఒకటి, చేపల వేట మీద ఒకటి. విధానాన్ని ఆమోదిస్తే దాని దీపం పచ్చగా వెలుగుతుంది. అమలుకి కమిటీ వేస్తే ఇంకాస్త పచ్చబడుతుంది. ఆ కమిటీ ఒకసారి కూర్చుని జీడిపప్పు తిని లేస్తే ముదురు పచ్చ. అవతల సరస్సు బతికుందో చచ్చిందో చెప్పే దీపం మాత్రం ఆ గోడ మీద లేదు.

అడిగినవాళ్ళకి దివాకర్ చేతులు విప్పి చూపించేవాడు. "కొలిచే సాధనం లేదండీ. ఉంటే మేం పెట్టుకోమా?"

డాక్టర్ హైమవతి ఆ సాధనం తయారుచేసి తెచ్చింది.

మండలి సమావేశ మందిరంలో బల్ల మీద గాజుతొట్టి పెట్టించింది. తొట్టిలో నీళ్ళు, నాచు, నాలుగు బొచ్చె చేపలు, బుడగలు వదిలే చిన్న మోటారు. ఆ నీళ్ళకి జతచేసిన, రెండు వేళ్ళ వెడల్పున్న పట్టీ ఒకటి తన ఛాతీకి కట్టుకుని, అలాంటిదే ఇంకొకటి తన సహాయకుడు రఫీ చేతికిచ్చింది.

"మోటారు ఆపండి," అంది.

ఎవరో ఆపారు. కాసేపట్లో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఆమె కూడా నోరు తెరిచింది. మెడ నరాలు తేలాయి, పెదవులు నల్లబడ్డాయి. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, గదినిండా గాలి. ఆమెకు మాత్రం అందలేదు. ఒక అధికారి కొరకబోయిన బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది.

రఫీ తన పట్టీ కట్టుకున్నాడు. ఆమె తన పట్టీ కొక్కేలు వదిలింది. మరుక్షణం ఆమె గుండెనిండా గాలి పీల్చుకుంది, రఫీ రొప్పడం మొదలుపెట్టాడు. మళ్ళీ మోటారు వేశాకే అతను తేరుకున్నాడు.

"నీళ్ళలోని ఊపిరి మనిషి మెదడుకొచ్చి కూర్చుంటుంది," అంది హైమవతి గొంతు సవరించుకుంటూ. "నీళ్ళు ఉక్కిరిబిక్కిరైతే మనిషీ అవుతాడు. ఉన్నపళంగా పీకేస్తే ఊపిరి ఆగిపోతుంది. విడిపించడానికి రెండే దారులు. ఇంకొకరు అందుకోవాలి, లేదా నీళ్ళు నిలకడగా ఉండాలి. తొట్టికైతే అరగంట. సరస్సుకైతే మూడు వారాలు."

ఇదంతా జరుగుతున్నప్పుడు దివాకర్ ఫోన్లో తన గెస్ట్‌హౌస్ భోజనంలోకి పులుసు గురించి మాట్లాడుతున్నాడు. చప్పట్లు వినపడ్డాక తలెత్తి తనూ కొట్టాడు.

నెల తిరక్కుండా నిబంధన వచ్చింది. రక్షిత సరస్సు ప్రతిదానికీ ఒక బాధ్యతాధికారి ఈ పట్టీ ధరించాలి. ఆయన ఊపిరే ఆ సరస్సు మీద విధానం పనిచేస్తోందో లేదో చెబుతుంది; గోడ మీద ఆ సరస్సు దీపం దాన్నిబట్టే రంగు మారుతుంది. అధికారి ఒంటినే కొలబద్దగా పెట్టిన దేశం ఇంకొకటి లేదని విదేశాల్లో మెచ్చుకున్నారు. మెప్పు వాసన పసిగట్టిన దివాకర్, మొదటి సరస్సుగా ఎంపికైన గూడలంకకి బాధ్యతాధికారి తానేనని ప్రకటించుకున్నాడు.

తర్వాత ఆ ఫైలు నాలుగు గదులు తిరిగింది. తిరిగొచ్చేసరికి "బాధ్యతాధికారి" పక్కన ఇంకో మూడు ముక్కలు చేరాయి: "లేదా అధీకృత ప్రతినిధి".

ఆ ప్రతినిధి పేరు బలే నాంచారయ్య.

గూడలంక సరస్సులో వెదురు బుట్టల్లాంటి మావులు పెట్టి చేపలు పట్టుకునేవాడు. ముప్ఫై దాటలేదు. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, రోజంతా ఇంట్లోనే ఉండొచ్చు, పట్టీ కట్టుకోవడం తప్ప పనేమీ లేదు అని చెబితే ఎగిరి గంతేశాడు. పట్టీ కట్టించుకోవడానికి పెళ్ళినాటి చొక్కా వేసుకొచ్చాడు.

హైమవతి వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. అప్పటికి సరస్సు బాగానే ఉంది, ఆమె యంత్రానికి ఒక సరస్సు కావాలి. చదువుకున్నవాళ్ళకి ఈ మాత్రం సమర్థింపు చాలు.

మొదట్లో నాంచారయ్యకి అదొక వినోదం.

"ఓసే ధనా, పడమటి గాలొచ్చింది. పిప్పరమెంటు సప్పరించినట్టుందే లోపల," అనేవాడు అరుగు మీద కూర్చుని.

అతని భార్య ధనకుమారి చంటిదాన్ని భుజాన వేసుకుని బియ్యం ఏరుతుండేది. "పన్లేనోడికి అన్నీ పిప్పరమెంట్లే."

"సరస్సంతా నా గుండెల్లోనే ఉందంట. డాక్టరమ్మగారు సెప్పారు."

"మరి నేనెక్కడుండాల? ఈదిలోనా?"

వానాకాలం, చలికాలం ఇలాగే గడిచాయి. గూడబాతులొచ్చి, గుడ్లు పొదిగి, పిల్లలతో వెళ్ళాయి. ఢిల్లీ గోడ మీద గూడలంక దీపం పచ్చగా వెలిగింది. దివాకర్ దాని ముందు నిలబడి ఫోటో దిగాడు.

ఎండలు ముదిరాక అసలు సంగతి బయటపడింది. సరస్సు చుట్టూ, సరస్సు లోపల కూడా, చట్టం ఒప్పుకోని చేపల చెరువులు ఉన్నాయి. వాటి యజమానులు ఎన్నికలప్పుడు అన్ని పార్టీలకీ దగ్గరివాళ్ళు. ఏటా వేసవిలో చెరువుల అడుగున కుళ్ళిన నీళ్ళని పంపులు పెట్టి సరస్సులోకి తోడేస్తారు. ఆ ఏడాది కూడా తోడారు. నీళ్ళు పెసరపిండి కలిపినట్టయ్యాయి. చేపలు చచ్చి తేలాయి.

నాంచారయ్య పిప్పరమెంటు మాట మానేశాడు. గోడకి చేరగిలబడి కూర్చునేవాడు. పడుకుంటే ఆయాసం, లేస్తే ఆయాసం. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగడానికీ ఊపిరి పీల్చడానికీ మధ్య ఏది ముందు చెయ్యాలో తేల్చుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

ఢిల్లీలో దీపం ఎర్రబడింది.

ఒప్పుకుని తీరాలి, దివాకర్ క్షణం ఆలస్యం చెయ్యలేదు. అంతర్జాతీయ బృందం వచ్చే నెలలో వస్తోంది. దీపం ఎర్రగా ఉంటే ఎలా? వెంటనే ఫోన్ తీశాడు.

పంపులు ఆపమని మాత్రం కాదు. నాంచారయ్యని ఏసీ గదిలో చేర్చమని. పట్టణంలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, ప్రత్యేక గది, గొంతులోకి గొట్టం, గొట్టం చివర ఊపిరాడించే యంత్రం. మత్తులో ఉన్న మనిషి ఛాతీ గడియారంలా లేస్తూ పడుతూ ఉంది. తెర అది చూసి గూడలంక సరస్సు దివ్యంగా ఉందనుకుంది. దీపం మళ్ళీ పచ్చగా మారింది. ఒక కింది ఉద్యోగి మీద ఇంత శ్రద్ధ చూపించిన అధికారిని తమ సర్వీసులోనే చూడలేదని మండలిలో నలుగురు మెచ్చుకున్నారు.

హైమవతి ఢిల్లీ వెళ్ళి ఆ గోడ ముందే నిలబడింది.

"సార్, అది సరస్సు ఊపిరి కాదు. ఆసుపత్రి యంత్రం ఊపిరి."

"తెరకి ఆ తేడా తెలుస్తుందా?"

"తెలీదు."

"మరింకేంటమ్మా?"

"అతని మెదడు సరస్సు లెక్కన ఊపిరి తియ్యమంటోంది. యంత్రం ఇంకో లెక్కన లోపలికి నెడుతోంది. రెంటి మధ్యా ఊపిరితిత్తులు చిరిగిపోతున్నాయి. ఇలాగే ఉంటే పది రోజులకు మించి బతకడని డాక్టర్లు చెప్పారు. పంపులు ఆపించండి సార్. సరస్సు తేరుకుంటే అతన్ని నేను విడిపించుకుంటాను."

"పంపులు ఆపకూడదని కోర్టు స్టే ఉంది."

"ఆ స్టే తీసెయ్యమని మండలి ఒక్కసారి కూడా అడగలేదు."

దివాకర్ చిరునవ్వు నవ్వాడు. పిల్లలు ఆకాశం ఎందుకు నీలంగా ఉందని అడిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "నువ్వు సైంటిస్టువి. ఈ గొడవలు నీకెందుకు? బృందం వెళ్ళిపోయాక కమిటీ వేద్దాం."

ఆసుపత్రి వరండాలో ధనకుమారి చంటిదాన్ని పక్కన పడుకోబెట్టుకుని కూర్చుంది. హైమవతి నడక చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"ఆపనన్నాడా అండీ?"

"కమిటీ వేస్తాడట."

"ఆ రెండో పట్టీ నాకు కట్టెయ్యండి. ఈయన్ని ఇడిపించండి."

"పాలుతాగే పిల్లని పెట్టుకుని ఆ మాట అనకు. నేనే కట్టుకుంటాను. అతన్ని ఇందులోకి దింపింది నేనే."

ధనకుమారి ఆమె వంక చూసింది. దయగా మాత్రం కాదు. "మీరు కట్టుకుంటే ఏమవుద్దండీ? ఈ మంచం మీదే మిమ్మల్ని పడుకోబెడతారు. ఈ గొట్టమే పెడతారు. అక్కడ దీపం పచ్చగానే ఎలుగుద్ది. ఆ తర్వాత మిమ్మల్ని ఇప్పేదెవరండీ? నాకొచ్చా, మా ఆయనకొచ్చా?"

హైమవతి సంచిలోంచి రెండో పట్టీ తీసింది. దాని మీద పట్టీ విప్పే పద్ధతి ధనకుమారికి నేర్పింది. పక్కనున్న రెండు కొక్కేలూ ఒకేసారి నొక్కి వదలాలి. అవతల రెండో పట్టీ ఎవరి ఒంటి మీదన్నా వెచ్చగా ఉంటేనే వదలాలి. లేకపోతే మనిషి పోతాడు.

"ఎప్పుడొదలాలో నేను ఫోన్ చేస్తాను," అంది. ఏ ఒంటి మీద అన్నది ఆమెకే తెలీదు.

ఎనిమిదో రోజున బృందం వచ్చింది. సరస్సు గట్టు మీద షామియానా, పచ్చ తివాచీ, కుళ్ళు వాసన తెలీకుండా చుట్టూ మల్లెల దండలు. ఒడ్డున చచ్చిన చేపల్ని తెల్లవారకముందే జేసీబీతో ఎత్తించారు. గాలి అటునుంచి ఇటు తిరగకుండా చూడమని ఎవరికి చెప్పాలో తెలీక జాయింట్ సెక్రటరీ ఒకాయన కంగారుపడుతున్నాడు.

గెస్ట్‌హౌస్‌లో అద్దం ముందు దివాకర్ బట్టతల తుడుచుకుని కోటు సర్దుకుంటుంటే పీఏ శేషు పరుగున వచ్చాడు.

"సార్, బృందం నాయకురాలు ఒకటడుగుతోంది. మీరు పట్టీ కట్టుకుని మాట్లాడితే ఫోటో తీసుకుంటారంట. మనం మొదట పంపిన నివేదికలో మీరే కట్టుకున్నట్టు ఉంది కద సార్."

"ప్రతినిధి అని రాయలేదా?"

"అది తర్వాత చేర్చింది సార్. వాళ్ళకి పంపలేదు."

దివాకర్ హైమవతిని పిలిపించాడు. "ఉత్తుత్తి పట్టీ ఒకటి తెప్పించు."

"ఉత్తుత్తిది లేదు సార్. రెండోది ఉంది. అది ఛార్జి తీసుకునే పట్టీ. మీరు కట్టుకుని, అక్కడ నాంచారయ్యది విప్పితే సరస్సు మీకొస్తుంది. నిజంగానే వస్తుంది."

"బ్యాటరీ తీసెయ్."

"బ్యాటరీ ఉండదు సార్. ఒంటి వేడితో నడుస్తుంది. ఢిల్లీలో మీ ముందే చూపించాను."

ఆయన ఆ రోజు ఫోన్లో పులుసు గురించి మాట్లాడాడన్నది ఆయనకే గుర్తులేదు. గుర్తున్నా నమ్మేవాడు కాదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన ఛార్జి తీసుకున్న ఏదీ ఆయన్ని అంటుకోలేదు. కరువు శాఖ ఛార్జి తీసుకున్నప్పుడు ఆయనకి దాహం వెయ్యలేదు. ఆసుపత్రుల శాఖ తీసుకున్నప్పుడు తుమ్ము కూడా రాలేదు.

"చూడమ్మా," అన్నాడు కోటు గుండీలు విప్పుతూ. "ఇప్పటికే నాలుగు శాఖల అదనపు ఛార్జి నాది. ఈ చెరువు ఐదోది. నాకేమన్నా అయిందా? కట్టు."

"మళ్ళీ చెబుతున్నాను సార్. ఇది కట్టుకుంటే సరస్సుకి మీరే బాధ్యులు."

"అదేగా కాగితం మీద ఉంది. కట్టమంటుంటే."

ఆమె కట్టింది. ఆయన ఒళ్ళు మెత్తగా, వెచ్చగా ఉంది. పట్టీ క్షణంలో వెచ్చబడింది.

దివాకర్ వేదిక ఎక్కాడు. హైమవతి షామియానా వెనక్కి వెళ్ళి ఫోన్ చెవికి ఆనించుకుంది. అంత తాపీగా ఎలా చెయ్యగలిగిందో ఆమెకు తర్వాత చాలాకాలం ఆశ్చర్యంగా ఉండిపోయింది.

"ధనా, విప్పెయ్."

"ఎవరండీ కట్టుకుంది?"

"దాని సొంతదారు."

వేదిక మీద దివాకర్ చెబుతున్నాడు: "గూడలంక కేవలం ఒక సరస్సు కాదు, అది మనందరి ఊపి..."

మాట అక్కడ ఆగింది. ఎవరో గోనెసంచి తల మీదనుంచి తొడిగి బిగించినట్టు మెడ బిగుసుకుంది. మైకు పట్టుకుని నోరు తెరిచాడు, మూశాడు, తెరిచాడు. పొద్దున జేసీబీ ఎత్తిన చేపలు చివరిసారిగా చేసింది సరిగ్గా ఇదే.

బృందం నాయకురాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంత నిజాయితీగా ప్రదర్శన ఇచ్చిన అధికారిని ఆవిడ చూడలేదు. మిగతావాళ్ళూ లేచి కొట్టారు.

శేషూ, జాయింట్ సెక్రటరీ కలిసి ఆయన్ని వెనక్కి మోసుకొచ్చారు. ఆయన గోళ్ళతో పట్టీని పీకుతుంటే హైమవతి ఆ చేతులు పట్టుకుంది.

"పీకితే ఊపిరి ఆగిపోతుంది సార్. సరస్సు కుదుటపడాలి. లేదా ఇంకొకరు అందుకోవాలి. నాంచారయ్య పట్టీ గంటలో ఇక్కడికి వస్తుంది. ఎవరైనా ముందుకొస్తే..."

దివాకర్ కళ్ళు తన మనుషుల వైపు తిరిగాయి. జాయింట్ సెక్రటరీకి అప్పుడే తన బీపీ గుర్తొచ్చింది. ఒకాయనకి కూతురి నిశ్చితార్థం. ఇంకొకాయన ఆ రోజు తను సెలవులో ఉన్నానని, ఊరికే చూడ్డానికొచ్చానని చెప్పాడు. శేషు నాలుగడుగులు వెనక్కి వేసి మంచినీళ్ళ క్యాన్ పక్కన నిలబడ్డాడు.

"పం... పులు," అన్నాడు దివాకర్.

"కోర్టు స్టే ఉంది కద సార్," అంది హైమవతి.

ఆయన ఫోన్ అందుకున్నాడు. కలెక్టర్‌కి రెండు ముక్కలు, ఎస్పీకి ఒక ముక్క. వాటి మధ్య ఈల లాంటి శబ్దం. ఏళ్ళ తరబడి ఏ విధానమూ ఆపలేని పంపులు, బృందం వాళ్ళు కొబ్బరినీళ్ళు తాగి ముగించేలోపు ఆగిపోయాయి. స్టే ఏమైందని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రానికి చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ పీకి సరస్సులో వేశారు. గట్లు తెంపి కాలవ నీళ్ళు వదిలారు. ఆయన్ని దోనెలో పడుకోబెట్టి, నీళ్ళు కాస్త శుభ్రంగా ఉన్న చోట గాలికి తిప్పారు. అలా తిప్పితే సుఖంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఉత్తినే ఆయన అలా కోరుకున్నాడు.

ఆసుపత్రిలో గొట్టం తీశాక నాంచారయ్య కళ్ళు తెరిచాడు. ఛాతీ తడుముకున్నాడు.

"సరస్సు ఎల్లిపోయిందే."

"పోనియ్. శని ఒదిలింది," అంది ధనకుమారి. ఆ తర్వాతే ఏడ్చింది.

మనిషి దక్కాడు, పూర్తిగా కాదు. చిరిగిన ఊపిరితిత్తులు అతుక్కున్నాయి గాని కుదించుకుపోయాయి. మావులు పెట్టడానికి మెడలోతు నీళ్ళలో దిగలేడు. వీధి చివరిదాకా నడిస్తే కూర్చోవాలి. ముప్ఫై ఏళ్ళకే ముసలి దగ్గు. దాన్ని కొలిచే దీపం ఢిల్లీ గోడ మీద ఇప్పటికీ లేదు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి గూడలంక మీద గూడబాతులు నిండిపోయాయి. సరస్సు ఒడ్డునే కాపురం పెట్టిన మల్లంపాటి దివాకర్ గురించి పత్రికలు విడవకుండా రాశాయి. ప్రకృతి కోసం ఢిల్లీని వదులుకున్న త్యాగి. రోజూ సరస్సు చుట్టూ తానే స్వయంగా తిరిగే అధికారి. ఆయన ఆ రాతలన్నీ చదివి, కత్తిరించి దాచుకున్నాడు. కొన్నాళ్ళకి నమ్మాడు కూడా.

ఒక రోజు పీఏ శేషు నాంచారయ్య ఇంటికొచ్చాడు. చేతిలో ఆర్డరు కాగితం, ముఖాన చెమట.

"అధీకృత ప్రతినిధి పోస్టు రెగ్యులర్ చేశారయ్యా. అవుట్‌సోర్సింగ్ కాదు. పర్మనెంట్. పెన్షన్ కూడా ఉంది. ఇప్పుడు సరస్సు బ్రహ్మాండంగా ఉందాయె, నీకే ఇబ్బందీ ఉండదు. నీ ఊరి సరస్సు, నీకు అలవాటే."

నాంచారయ్య ఆ కాగితం వైపు చూశాడు. పర్మనెంట్ అన్న మాట వినగానే ఆ పల్లెలో ఎవరి కళ్ళయినా మెరుస్తాయి. అతని కళ్ళూ ఒక్క క్షణం మెరిశాయి. అది ధనకుమారి చూసింది.

"అంత బెమ్మాండంగా ఉంటే సారుగారే తీయించేసుకోవచ్చుగా అండీ," అంది. "మూడు వారాలు నిలకడగా ఉంటే ఇప్పేత్తానని డాక్టరమ్మగారు అన్నారుగా."

శేషు నుదురు తుడుచుకున్నాడు. "ఉండట్లేదమ్మా. రెండు వారాలు దాటేసరికి ఎవడో ఒకడు ఏదో మూల పంపు పెడుతున్నాడు. సార్ వాళ్ళని పట్టుకుని అడిగితే, అప్పట్లో సార్ సంతకం పెట్టిన మినహాయింపు చూపిస్తున్నారు. అలాంటివి ఎన్నున్నాయో సార్‌కే గుర్తులేదు. దాంతో మళ్ళీ మొదటినుంచి మూడు వారాలు."

నాంచారయ్య నవ్వబోయాడు. దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా ధనకుమారి వీపు రాసింది.

అప్పుడే తూర్పు గట్టు వైపు ఇంజను శబ్దం ఒకటి మొదలైంది. దాని వెనకే నీళ్ళ మీదుగా ఒక కేక వినిపించింది. ఊపిరి చాలని గొంతు, బూతులు కూడా సగంలో తెగిపోతున్నాయి. గట్టు మీద బట్టతల మనిషొకడు, పంచె ఎగ్గట్టి, ఛాతీ చేత్తో పట్టుకుని, ఆ శబ్దం వైపు పరుగెడుతున్నాడు.

నాంచారయ్య అటు చూశాడు. తన పాడైపోయిన ఛాతీలో పట్టినంత గాలి నిదానంగా పీల్చి, నిదానంగా వదిలాడు. కాగితం శేషుకి తిరిగిచ్చాడు.

"నాకొద్దండీ. పర్మనెంటు ఆ సారుగారికే ఉంచండి."